నొప్పికి వయసు కట్టే మనిషి

కదిరి బస్టాండు బయట కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన మళ్లీ నాకు కనబడ్డాడు. మెడలో కంప్యూటర్లో వేసిన పూలదండ, రెండు పక్కలా ఆరిపోని దీపాలు, అడుగున బంధుమిత్రుల ఫొటోల వరుస. పోయినవాడి కంటే ఉన్నవాళ్లే ఎక్కువ జాగా తీసుకున్నారు. తలపైన ఎర్రటి అక్షరాల్లో మూడు మాటలు: అజాతశత్రువు, స్నేహశీలి, మృదుభాషి.

మృదుభాషి అన్నది నిజం. స్నేహశీలి అన్నది కూడా కాదనలేను. మొదటి మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. అచ్చు వేయించే ముందు ఎవరైనా నన్ను ఒక్క మాట అడగాల్సింది. ఆరేళ్లుగా ఆయనకు శత్రువుగా ఉన్నాను, ఒక్క పూట కూడా సెలవు పెట్టకుండా.

పోయినవాళ్ల మీద చెడు మాట్లాడకూడదని మా అమ్మ అంటుంది. నేను మాట్లాడతాను. పేరు మాత్రం రాయను. ఆ పేరు పక్కన ఆయన పిల్లల పేర్లు కూడా ఉన్నాయి, వాళ్లు నాకేమీ చేయలేదు.

ఆయన పని ఏమిటంటే, ఆరోగ్య బీమా కంపెనీ తరఫున ఊళ్లు తిరగడం. ఎవరైనా ఆస్పత్రి ఖర్చుకు కంపెనీని అడిగితే, ఈయన వాళ్లింటికి పోయి ఆ జబ్బు ఎప్పుడు పుట్టిందో కనుక్కుని రాసి పంపాలి. పాలసీ తర్వాత పుట్టిందైతే కంపెనీ ఇస్తుంది, అంతకు ముందే పుట్టిందైతే ఇవ్వదు. సంతలో ఎద్దు నోరు తెరిచి, పళ్లు చూసి వయసు కట్టేవాళ్లుంటారు. ఈయన నొప్పికి వయసు కట్టేవాడు.

బక్కపలచని మనిషి. ఉతికిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో రెక్సిన్ సంచి. ఎవరింటికి పోయినా గడప బయటే చెప్పులు విడిచేవాడు. విడవడమే కాదు, అప్పటికే అక్కడ చెల్లాచెదురుగా పడున్న ఇంటివాళ్ల చెప్పుల్ని కూడా వంగి జతలు జతలుగా సర్దేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. "కుర్చీలెందుకన్నా, మనం మనం" అంటూ నేల మీదే బాసిపట్టు వేసుకునేవాడు. మజ్జిగ గ్లాసు రెండు చేతులా అందుకునేవాడు. పాత కళ్లద్దాల పెట్టెలో సోంపు పెట్టుకుని తిరిగేవాడు. ఇంట్లో అందరికీ తలా చిటికెడు పెట్టి, ఆఖరున తాను వేసుకునేవాడు. ఇన్ని మంచి అలవాట్లున్న మనిషిని నమ్మకూడదని నాకు అప్పటికి తెలియదు.

అన్నిటికంటే పెద్ద ఆయుధం ఆయన నాలుక చివర ఉండేది. ఎదుటివాడి కష్టం వింటూ నాలుకను పళ్లకు ఆనించి "త్చొ త్చొ" అనేవాడు. ఎవరి లేగదూడ కాలు విరిగినా, ఎవరి పడుగు దారం తెగినా మా ఊళ్లలో వినబడే చప్పుడే అది. కానీ ఆయన నోట్లో దానికి ఇంకో గుణం ఉండేది. ఒక్కో "త్చొ"కి ఎదుటివాడు ఇంకో రెండేళ్లు కలిపి చెప్పేవాడు.

ఎందుకు కలిపి చెబుతారో బయటివాళ్లకు చెబితే గానీ అర్థం కాదు. మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే వీధి. మా వీధిలో రెండు రోజుల నొప్పికి డాక్టరు దగ్గరికి పోయేవాళ్లు లేరు. పోతే నవ్వుతారు. "నిన్ననుంచి నొప్పి సార్" అన్నవాడు సుకుమారుడు, సోమరి, మగ్గం ఎగ్గొట్టడానికి సాకు వెతుక్కునేవాడు. అందుకని డాక్టరు "ఎన్నాళ్లుగా?" అని అడగ్గానే మావాళ్లు లెక్క పెంచుతారు. అది అబద్ధం కాదు, మర్యాద. ఇన్నాళ్లు ఓర్చుకున్నాను, ఇక చేతగాకనే మీ దగ్గరికి వచ్చాను అని చెప్పుకోవడం. పక్కన భార్య ఉంటే ఆమె ఇంకొంచెం పెంచుతుంది, మొగుడి ఓర్పు ఆమెకూ గొప్పే గదా. డాక్టర్లకు ఇది తెలుసు, సగానికి సగం కొట్టేసి రాసుకుంటారు. తనకల్లు పక్క పల్లెలో పుట్టినవాడు గనక ఆయనకూ తెలుసు. ఆయన మాత్రం సగం కొట్టేయలేదు.

మా నాయన కథ చెబుతాను. నాకు కదిరిలో జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం వచ్చిన ఏడాది, అమ్మానాయనల పేర నేనే ఆరోగ్య పాలసీ కట్టించాను. "ఇంతకు ముందు ఉన్న జబ్బులు" అన్న చోట "లేవు" అని నేనే రాశాను. నిజంగానే లేవు. నేతగాడికి నడుము పట్టేయడం జబ్బు కింద ఎవరూ లెక్కవేయరు. వేస్తే మా వీధి వీధంతా ఆస్పత్రిలో పడుకోవాలి.

ఏడాదిన్నర తర్వాత ఒక నీళ్లొచ్చిన రోజు. మాకు కొళాయి ఐదారు రోజులకోసారి వచ్చేది. వచ్చిన రోజు ఇల్లంతా పరుగులే. నాయన నిండిన ప్లాస్టిక్ డ్రమ్మును రెండు చేతులతో ఎత్తి గడప దాటించబోయాడు. నడుములో ఏదో పుటుక్కుమందట. డ్రమ్ము ఒరిగింది, దాని పక్కనే నాయన కూడా ఒరిగిపోయాడు. అంత నొప్పిలోనూ "నీళ్లు, నీళ్లు" అని అరిచాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. సాయంత్రానికి కుడిపాదం ముందు భాగం లేవడం మానేసింది.

అనంతపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాం. ఫొటోలు తీశాక డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. వెన్నుపూసల మధ్య దిండు జారి నరం మీద పడింది, రెండు మూడు రోజుల్లో ఆపరేషన్ చేస్తే పాదం తిరిగి లేస్తుంది, ఆలస్యమైతే మాట ఇవ్వలేను అన్నాడు. గుంట మగ్గంలో కూర్చుని కాళ్లతో పలకలు తొక్కితేనే చీర కదిలేది. నేతగాడికి పాదం పోవడమంటే ఏమిటో ఆ డాక్టరుకు వివరించి చెప్పాల్సిన పని లేదు, ధర్మవరం కేసులు రోజూ చూసేవాడే.

అంత ఖర్చు ఒక్కసారిగా మా చేతిలో లేదు. పాలసీ కార్డు ఉంది. కార్డు ఇస్తే ఆస్పత్రివాళ్లు కంపెనీకి పంపారు. కంపెనీ "పరిశీలనలో ఉంది" అంది. జవాబు వచ్చేదాకా మంచం ఊరికే పట్టుకోవడమెందుకని నాయన ఇంటికి పోదామన్నాడు. మరుసటి రోజు పొద్దున ఆయన మా ఇంటి ముందు చెప్పులు సర్దుతూ కనిపించాడు.

"లేయొద్దన్నా, లేయొద్దు. పండుకోనే మాట్లాడు" అంటూ లోపలికి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ముందు నాయన వైపు చూడలేదు. మగ్గం వైపు చూశాడు.

"సగం చీర మింద లేసినావే అన్నా. అంచు ఎంత బాగుండాది! ఎవురు ముగిస్తారిప్పుడు దీన్ని?"

అంతే, మా నాయన ఆయన చేతిలో పడిపోయాడు. మంచాన పడ్డప్పటి నుంచి వచ్చిన చుట్టాలు కాలు సంగతి అడిగారు, ఖర్చు సంగతి అడిగారు. చీర సంగతి ఎవరూ అడగలేదు.

"మా నాయనా ఇంతే అన్నా. శెనక్కాయ చేన్లో వంగి వంగి నడుం గూనిపోయింది. పోయేదాకా ఒక్క మాట అనలా. త్చొ. నిన్ను చూస్తే ఆయప్పే గుర్తుకొస్తాండాడు. ఓర్చుకునే మనిషివి. ఎన్నాళ్లుగా అన్నా ఈ బాధ?"

"శానా దినాలప్పా" అన్నాడు నాయన.

"త్చొ త్చొ. శానా అంటే? పదేండ్లుంటాదా?"

"పదేండ్లా? పద్నాలుగు వేసుకో."

ఆ పద్నాలుగు ఎక్కడిదని తర్వాత ఎన్నోసార్లు అడిగాను. "నోటికొచ్చింది పాపా. పెద్దమనిషి అంత మర్యాదగా అడుగుతాంటే రెండు దినాలని ఎట్ల చెప్పేది?" అన్నాడు.

అమ్మ ఊరుకుందా? "రేయి పూట గోడ పట్టుకోని లేస్తాడప్పా. నూనె రుద్ది రుద్ది నా చేతులు పడిపోయినాయి" అంటూ గూట్లోంచి నూనె సీసా తీసి చూపించింది. ఆయన సీసాను రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకున్నంత పని చేసి, ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. ఎదురింటి మగ్గం మామ పలకరించడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఆ నడుం ఈ పొద్దుటిదా? మా పెండ్లి నాటికే ఈయప్ప వంగి నడుస్తాన్నాడు" అన్నాడు. మామ పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది. నాయన అప్పట్లో కబడ్డీ ఆడేవాడు. పెళ్లిలో చదివింపులు చదివించినట్టు తలా కొన్నేళ్లు చదివించారు. నీళ్ల డ్రమ్ము మాట ఒక్కరూ ఎత్తలేదు. డ్రమ్ము ఎత్తబోయి పడ్డాడని చెప్పుకోవడం చిన్నతనం, నవ్వులాట. పద్నాలుగేళ్ల ఓర్పు ముందు నీళ్ల డ్రమ్ము ఏపాటి?

నేను అక్కడే ఉన్నాను. మజ్జిగ కలిపి ఇచ్చింది నేనే.

అంతా విని ఆయన సంచి తీసి రాయడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో గీకి వేలిముద్ర వేయించుకునే రకం కాదు. తెలుగులో రాశాడు, తల కొద్దిగా వంచి, ఒక్క కొట్టివేత లేకుండా. రాసి, కాగితం నా చేతికిచ్చి, "నీవు చదువుకున్నదానివి పాపా. నాయనకు, అమ్మకు చదివి వినిపించు. ఒక్క అక్షరం తప్పున్నా చెప్పు, మారుస్తా" అన్నాడు.

నేను చదివాను. గొంతు సవరించుకుని, క్లాసులో పాఠం చదివినట్టు చదివాను. "నేను గత పద్నాలుగు సంవత్సరాలుగా నడుము నొప్పితో బాధపడుతూ, కుటుంబ పోషణ నిమిత్తం ఎంతో ఓర్పుతో మగ్గం పని చేసుకుంటూ వచ్చాను. నా భార్య ప్రతి రాత్రీ నూనెతో మర్దన చేసి సేవ చేసింది. పై విషయాలను తెలుగు అధ్యాపకురాలైన నా కుమార్తె చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను."

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నలభై ఏళ్లు నేసిన మనిషి గురించి ఎవరైనా కాగితం మీద మంచి మాట రాయడం మా ఇంట్లో అదే మొదలు. నాయన తన పేరులోని ప్రతి అక్షరం విడివిడిగా కనబడేట్టు సంతకం చేశాడు. నేనేం చేశానో కూడా చెప్పాలి. "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి సార్" అన్నాను. ఆ కాగితంలో నన్ను తెలుగు అధ్యాపకురాలు అని రాయడం చూసుకుని మురిసిపోయాను కూడా. ఈ ఒక్క సంగతికి నా చెంపలు నేనే వాయించుకున్నా పాపం లేదు.

పోతూ పోతూ ఆయన గడప దగ్గర నిలబడి, "దిగులు పడొద్దు వదినా. నేను ఈ పొద్దే పంపిస్తా. రెండు దినాల్లో వచ్చేస్తాది" అన్నాడు. అందరికీ సోంపు పెట్టాడు. మేము ఆ మాట పట్టుకుని కూర్చున్నాం. మూడో రోజు, నాలుగో రోజు, ఇదిగో అదిగో అనుకుంటూ ఎదురుచూశాం. అప్పుచేసైనా వెంటనే చేయిద్దామని నేనన్నాను, అమ్మ కూడా సరేనంది. నాయనే ఒప్పుకోలేదు. "అంత పెద్దమనిషి చెప్పిపోయినాడు, వస్తాది" అన్నాడు.

తొమ్మిదో రోజు వచ్చింది. ఒక పేజీ ఉత్తరం. ఇవ్వలేమని అర్థం చేసుకోవడానికి మొదటి వాక్యం చాలు. ఎందుకు ఇవ్వలేమో అర్థం చేసుకోవడానికి మాత్రం నాకు ఇప్పటికీ తెలివి చాలడం లేదు. పాలసీ షరతుల్లోని ఒక వాక్యాన్ని అందులో ఎత్తి రాశారు. తెలుగులో చెబితే ఇది దాని సారం: పాలసీకి ముందే ఉన్న, లేదా క్రమంగా ముదిరే స్వభావం గల, లేదా వృత్తిరీత్యా ఏర్పడగల ఏ స్థితికైనా, దానితో సంబంధం ఉండగల ఏ చికిత్సకైనా ఈ పాలసీ వర్తించదు. ఏ స్థితైనా! బతికుండడం కూడా క్రమంగా ముదిరే స్థితే గదా. వృత్తిరీత్యా ఏర్పడేవి తీసేస్తే నేతగాడి ఒంట్లో మిగిలేదేమిటి? గోళ్లూ, వెంట్రుకలూ. కట్టించుకునేటప్పుడు మాత్రం ఒళ్లంతటికీ కట్టించుకున్నారు.

అమ్మ పుస్తెలతాడు బ్యాంకులో పెట్టి, పన్నెండో రోజు ఆపరేషన్ చేయించాం. నొప్పి పోయింది. పాదం లేవలేదు. డాక్టరు క్యాలెండరు వైపు ఒకసారి చూశాడు. ఇప్పుడు నాయన కాలికి ప్లాస్టిక్ పట్టీ, చేతికి కర్ర. మగ్గం గుంటలో దిగలేడు. ఆ సగం చీరను ఎదురింటి మామ వచ్చి ముగించాడు. నాయన గోడకానుకుని కండెలకు దారం చుడుతూ ఆ చప్పుడు విన్నాడు. ఇంటి ఆడవాళ్లూ ముసలివాళ్లూ చేసే పని అది. ఇప్పటికీ అదే చేస్తున్నాడు.

రెండు నెలల తర్వాత కదిరి బస్టాండులో, మల్లెపూల బండ్ల పక్కన, ఆయన నాకు ఎదురయ్యాడు. తప్పించుకుంటాడనుకున్నాను. ఆయనే ఎదురొచ్చాడు.

"నాయన ఎట్లుండాడు పాపా? పాదం లేసిందా?"

"లేదు" అన్నాను. "రెండు రోజుల్లో వచ్చేస్తుందని చెప్పి మమ్మల్ని తొమ్మిది రోజులు కూర్చోబెట్టింది మీరే. మీ వల్లే లేవలేదు."

"నేను పంపించింది ఆ పొద్దే పంపించినా పాపా. ఆడ వాళ్లు చూసేది వాళ్ల ఇష్టం. జవాబు వస్తాదన్నా గానీ, ఏం జవాబు వస్తాదో నేను చెప్పలేదు గదా."

పూలబండి ఆమె మా వైపు చూస్తోంది. నేను గొంతు తగ్గించలేదు. "క్రమంగా అంటే ఎన్నాళ్లు సార్? వారమా, ఏడాదా? మీ కాగితంలో ఎక్కడా రాయలేదే?"

ఆయన నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు, తెలివైన పిల్ల మంచి ప్రశ్న అడిగితే మేష్టరు నవ్వే నవ్వు. "ఎన్నాళ్లో రాసింటే నేనెందుకు పాపా? వాళ్లే లెక్కేసుకుంటారు. రాయలేదు గాబట్టే నాకు ఈ బువ్వ."

"అబద్ధం రాశారు."

"ఒక్క అక్షరం చూపించు. మీ నాయన చెప్పింది రాసినా. మీ అమ్మ చూపించింది ఫొటో తీసినా. నీవు చదివినావు." కొంచెం ఆగి, దగ్గరికి వచ్చి, మంచి మాట చెబుతున్నట్టు అన్నాడు: "అప్పీలు రాయి. నీళ్ల డ్రమ్ము ఎత్తినాడంట గదా, ఆస్పత్రిలో నర్సు చెప్పింది. అది రాయి. నాతో ఎవురూ చెప్పలేదే ఆ మాట."

"మీకు తెలిసి కూడా అడగలేదు."

"నేను అడగను పాపా. నన్ను పంపించేది దానికి కాదు."

అని కళ్లద్దాల పెట్టె తెరిచి నా ముందు పెట్టాడు. నేను దాన్ని చేత్తో తోసేశాను. సోంపు సిమెంటు మీద చెదిరింది. ఆయన కోప్పడలేదు. పెట్టె మూసి జేబులో పెట్టుకుని, "నీ మంట నాకర్థమైతాది. త్చొ" అని తనకల్లు బస్సు ఎక్కిపోయాడు. ఆ "త్చొ" నిజమైనదే. అదే నాకు మింగుడుపడదు. ఆయన మా నాయన మీద జాలిపడ్డాడు, ఆ జాలినే కాగితం మీద పెట్టి అమ్మేశాడు. దొంగ జాలి అయ్యుంటే ఈపాటికి నేను మరిచిపోయేదాన్ని.

అప్పీలు రాశాను. కంపెనీలో అప్పీళ్లు చూసే విభాగానికి ఎనిమిది పేజీలు, డాక్టరు కాగితం, నీళ్లొచ్చిన రోజు సాక్ష్యం, వీధివాళ్ల సంతకాలు. జవాబు నాలుగు వాక్యాల్లో వచ్చింది. పాలసీదారు స్వయంగా మాతృభాషలో ఇచ్చిన వాంగ్మూలం ఉంది, దాన్ని విద్యావంతురాలైన కుమార్తె చదివి వినిపించింది, కాబట్టి తర్వాత చెప్పినవి ఆలోచించి కల్పించినవిగా భావిస్తున్నాం అన్నారు. ఆయన నా ఉద్యోగాన్ని ఆ కాగితంలో ఊరికే రాయలేదు. నేను మురిసిపోవడానికి రాశాడనుకున్న నా తెలివికి దండం పెట్టాలి.

ఆ రోజు నుంచి నేనొక పని మొదలుపెట్టాను. ప్రతి ఆదివారం ధర్మవరం పోయినప్పుడు మా వీధిలో ఇంటింటికీ తిరిగి ఒకే పాఠం చెప్పాను. "ఎవరడిగినా, డాక్టరైనా, నర్సయినా, జాలిపడే పెద్దమనిషైనా, ఎన్నాళ్లుగా అంటే నిన్ననుంచి అని చెప్పండి. ఇంతకు ముందు ఏమీ లేదని చెప్పండి. అంతకంటే ఒక్క మాట వద్దు." మొదట్లో నవ్వారు. నాయన పాదం చూపిస్తే నవ్వు ఆగిపోయేది.

అందరికంటే మొద్దు విద్యార్థి మా నాయనే. కూర్చోబెట్టి ప్రశ్న వేసేదాన్ని. "నాయనా, మోకాలు ఎన్నాళ్లుగా నొప్పి?" "ఆ, ఐదారేండ్లు..." "నాయనా!" "నిన్ననుంచి పాపా, నిన్ననుంచి." దగ్గు గురించి, కళ్ల మసక గురించి, పంటి నొప్పి గురించి ఇలాగే. తప్పు చెబితే కసిరేదాన్ని. ఒకసారి మరీ గట్టిగా కసిరాను. "నీ నోటి వల్లే నీ కాలు పోయింది" అన్నాను. నాయన చుడుతున్న కండె ఆపి, "ఔను పాపా" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

కొన్నాళ్లకు మా వీధి చివర కొత్తగా క్లినిక్కు పెట్టిన కుర్ర డాక్టరు నన్ను ఆపి, "ఏం మేడం, మీ వీధివాళ్లకు అన్ని జబ్బులూ నిన్ననే మొదలవుతాయేం? మూడు నెలల దగ్గు కూడా నిన్ననే అంటారు. ఇట్లయితే నేను మందెట్ల ఇచ్చేది?" అన్నాడు. వెళ్లి కదిరిలో ఆ పెద్దమనిషిని అడగమని చెప్పాలనిపించింది. ఓర్చుకున్నామని చెప్పుకునే ఒక్క సుఖం మా వీధికి ఉండేది, దాన్ని ఆయన ఎత్తుకుపోయాడు. మిగిలిందాన్ని నేను ఊడ్చేశాను.

ఫ్లెక్సీ చూసిన రోజు నాయనకు ఫోన్ చేశాను. పోయాడని చెప్పాను. సంతోషంగానే చెప్పాను, దాచుకోవడమెందుకు.

"పదకొండో దినం ఎప్పుడంట?" అన్నాడు.

"ఎందుకు?"

"పోవల్ల గదా. మనింటికి వచ్చి మజ్జిగ తాగిన మనిషి."

"ఆయన నీ కాలు తీశాడు నాయనా!"

"ఆయప్ప ఏం తీసినాడు? రాసుకున్నాడు. చెప్పింది నేను" అన్నాడు. నేను కాదంటే ఒక్కడే బస్సెక్కి వస్తానన్నాడు. ఆ కాలితో ముదిగుబ్బ మీదుగా ఒక్కణ్ణీ రానిస్తానా? పోయి తీసుకొచ్చాను.

కదిరిలో ఆయన ఇంటి ముందు షామియానా. గడప ముందు చెప్పులు ఒకదాని మీద ఒకటి కుప్పగా పడి ఉన్నాయి. సర్దే మనిషి లేడు. నేను నా చెప్పుల్ని కావాలనే అడ్డంగా విడిచాను. నాయన పట్టీ ఉన్న కాలి బూటు విప్పలేడు గనక గడప బయటే కుర్చీలో కూర్చున్నాడు. లోపల కూడా అదే ఫొటో, అవే మూడు మాటలు. నేను దండం పెట్టలేదు.

ఆయన భార్య బయటికి వచ్చింది. చిన్నగా, అలిసిపోయి ఉంది. వచ్చినవాళ్లనందరినీ పేరు పేరునా పలకరిస్తోంది. నాయన ముందు ఆగి, "ఎవురన్నా మీరు? గుర్తుపట్టలేదు" అంది.

"ధర్మవరం తల్లీ. నేసేవాళ్లం. అన్న ఒకతూరి మా ఇంటికి వచ్చినాడు. శానా మంచిగా మాట్లాడినాడు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఆమె చూపు కిందికి పోయింది. అంచులు అరిగిపోయిన ప్లాస్టిక్ పట్టీ, చిక్కిపోయిన పిక్క, సగం వాలిన పాదం.

"త్చొ త్చొ" అంది. అచ్చం అదే చప్పుడు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు గదా. "అయ్యో, కాలికేమన్నా ఇది? ఎన్నాళ్లుగా పడతాండావు ఈ బాధ?"

నాయన నోరు తెరిచాడు. ఆరేళ్లు ఆ నోటి దాకా వచ్చాయి, నాకు కనిపించాయి. కష్టం తెలిసిన మనిషి జాలిగా అడిగింది, ఆమెకూ కష్టమొచ్చింది, ఇద్దరూ కాసేపు చెప్పుకుంటే బరువు తగ్గేది. మా వీధి మర్యాద ప్రకారం ఆయన పన్నెండైనా చెప్పి ఉండాలి. అంతలో తల తిప్పి నా వైపు చూశాడు. కసిరినప్పుడు చూసే చూపది.

"ఏం లేదు తల్లీ" అన్నాడు. "నిన్ననే."

"నిన్ననా?"

"నిన్ననేమ్మా. ఇంతకు ముందు ఏమీ లేదు."

పెద్దాయనకు మతి తప్పిందనుకున్నట్టుంది, భుజం మీద చెయ్యి వేసి, భోంచేసి పొమ్మని చెప్పి లోపలికి పోయింది. చెప్పు నాయనా, చెప్పు, ఈమెకు చెప్పొచ్చు అని నేను అనాల్సింది.

మేము భోంచేయలేదు. బస్టాండు దాకా ఆటోలో వచ్చాం. స్తంభం మీద ఫ్లెక్సీ ఒక పక్క తాడు తెగి వేలాడుతోంది. నాయన దాన్ని చూడలేదు. కర్రను రెండు చేతులా పట్టుకుని ఏదో ఆలోచిస్తూ కూర్చున్నాడు. ధర్మవరం బస్సు వచ్చి ఆగాక, లేవడానికి నా భుజం పట్టుకుని, చెవి దగ్గర మెల్లగా అడిగాడు.

"ఆయమ్మ యాడా రాసుకోదు గదా పాపా?"